బాపు మంచం ఎదుట టీవీ

బాపు కాలు విరిగిన ఏడాది మేమిద్దరం మహబూబాబాద్‌లో ఒంటిగది అద్దెఇంట్లో ఉన్నాం. అమ్మ అప్పటికే లేదు. బాపు ఆటో నడిపేవాడు. వెనక నుంచి లారీ గుద్దితే తొడలో రాడ్ వేశారు. జనగామలో నేను చేస్తున్న బట్టల షాపు పని మానేసి వచ్చాను.

బాపు ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి. పొద్దంతా మంచం మీదే కాబట్టి ఎదురుగా టీవీ పెట్టించాను. మొదట్లో వార్తలు చూసేవాడు. తర్వాత నరుక్కునే సినిమాలు, హత్యల కథలు. నేను అన్నం వండుతుంటే నా వీపు వెనక ఎవరో ఒకరు చస్తూనే ఉండేవారు. కాసేపు బయటికి పోదామంటే, ఆయన లేవబోయి పడతాడేమోనని భయం.

మెల్లగా ఆయన మాట మారింది. కరెంటు పోతే "ఒక్కొక్కన్ని నరకాలె" అనేవాడు. పక్కింటి పసిపిల్ల ఏడిస్తే "దాని నోరు మూయిస్తరా, నన్ను రమ్మంటరా" అని గోడ మీద గుద్దేవాడు. అవి ఆయన మాటలు కావు, ముందురోజు టీవీలో నేనూ విన్నవే.

ఒక మధ్యాహ్నం దవాఖానకు పోయి వచ్చాం. ఇంకా కొన్ని నెలలు ఆటో ముట్టొద్దన్నారు. ఇంటికి రాగానే బాపు టీవీ పెట్టి సౌండ్ పెంచాడు.

"జర తగ్గియ్యి బాపు, తల పలుగుతాంది."

వినలేదు. నేనే పోయి స్విచ్ ఆపాను. తిరిగేలోపు బాపు చేతికర్ర వచ్చి నా కనుబొమ్మకు తగిలింది.

రక్తం చూసి ఆయన మంచం దిగబోయాడు, దిగలేకపోయాడు. "నేనే కొట్టిన్నా బిడ్డా?" అన్నాడు. చున్నీతో నుదురు అదుముకుంటూ ముందు ఆయన్ని పడుకోబెట్టాను. ఆ తర్వాతే పోయి కుట్లు వేయించుకున్నాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"గవన్నీ సూసి సూసి నా చెయ్యి గట్ల లేసింది" అన్నాడు.

"టీవీ ఒక్కటేనా బాపు? నీ లోపల కోపం లేదా?"

"ఉన్నది. గా లారీవోడు దొరకలే. డాక్టర్‌ను ఏమంటం? చేతికి దొరికింది నువ్వే."

టీవీ ఆపేశాం గానీ ఇంట్లో శాంతి ఏమీ రాలేదు. కోపం వస్తూనే ఉండేది. కాకపోతే ఇప్పుడు ముందే చెప్పేవాడు: "నాకు కోపమొస్తాంది బిడ్డా, జర దూరం కూసో."

పోయి గడపలో కూర్చునేదాన్ని. అంతకన్నా దూరం పోవడానికి లేదు. ఆయన మళ్లీ ఆటో ఎక్కేదాకా మా ఇద్దరికీ అదే ఏర్పాటు.