ఉత్తుత్తి వరద

ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోస్తుంటే ఆ పుల్లటి వాసనకు చిన్నప్పుడు మేమున్న విజయపురి సౌత్ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్ళు. నాన్న వైర్‌లెస్ ఆపరేటర్. వరదల రిహార్సల్ కోసం మా బడి వరండాలో బ్యాటరీతో నడిచే సెట్టు పెట్టి, వేపచెట్టుకు ఏరియల్ కట్టాడు. కృష్ణ ఒడ్డున అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంకో సెట్టు పెట్టారు.

"ఊరు మునిగింది, ఓవర్" అని అక్కణ్ణుంచి వినపడగానే బావురుమన్నాను.

"ఉత్తుత్తి వరదేనే తల్లీ" అన్నాడు నాన్న. నేను నమ్మలేదు. చివరికి అక్కడి ఆపరేటర్‌ని బతిమాలి అమ్మమ్మను పిలిపించాడు.

గరగరల మధ్య అమ్మమ్మ గొంతు వచ్చింది. "ఏందే, ఏడుస్తన్నావంట? గోంగూర ఒలుస్తంటే లాక్కొచ్చారు. నా కాళ్ళు గూడా తడవలేదే!"

నవ్వేశాను.

సర్కారు సెట్టులో సొంత మాటలు కూడదని, అందుకు నాన్న చీవాట్లు తిన్నాడని పెద్దయ్యాకే తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం ఆయన నన్ను భుజాలకెత్తుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి నడిచాడు.