ఒక బెల్టు, నాలుగు గుండెలు

నాకు కుర్చీ పడదు. కొందరికి వంకాయ పడనట్టు, కొందరికి అత్తగారు పడనట్టు. కర్నూల్లో ఒక పెద్దాసుపత్రిలో గుండె జబ్బుల విభాగానికి నన్ను పెద్దను చేసి, దానికి తగ్గ కుర్చీ ఒకటి ఇచ్చారు. ఆ కుర్చీకి ప్లాస్టిక్ కవరు కూడా ఇంతవరకు చిరగలేదు. నిలబడి పాఠం చెబుతాను, నడుస్తూ రోగులను చూస్తాను, ఇడ్లీ వరండా ఆ చివర మొదలుపెట్టి ఈ చివర ముగిస్తాను. నేను ఇంట్లో తిరిగిన దూరానికి కాశీకి పోయి, గంగలో మునిగి, తువ్వాలు ఆరబెట్టుకుని తిరిగి రావచ్చని మా ఆవిడ అంచనా.

ఈ కుదురులేనితనమే నన్ను వస్తువులు కనిపెట్టేవాడిని చేసింది. కుదురుగా కూర్చునేవాడు ఉన్నదానితో సర్దుకుంటాడు. మొదట్లో వార్డంతటికీ వినిపించే స్టెతస్కోపు ఒకటి తయారుచేశాను. ఒకాయన గుండె చప్పుడు విని పక్క మంచం ఆయనకు బీపీ పెరిగింది, ఆ అవతలి మంచం ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ఆదోని బస్సెక్కాడు. ఆ స్టెతస్కోపును బీరువా మీద పడేసి బెల్టు పని పట్టుకున్నాను.

గుండె లయను రోజుల తరబడి రికార్డు చేయాలంటే మామూలుగా ఛాతీకి బిళ్ళలు అంటించి, తీగలు తగిలిస్తారు. ఆ బిళ్ళలను కనిపెట్టినవాడు మే నెలలో కర్నూలు చూసి ఉండడు. మా ఎండకు ఆసుపత్రి మేడ మీద దోసె పోస్తే తిరగేసే పని కూడా ఉండదు. బిళ్ళ అంటించి రోగి గేటు దాటేలోపు అది చెమటకు జారి బొడ్డు దగ్గరికి చేరుతుంది. బొడ్డులో గుండె కొట్టుకునే మనిషి ఇంకా పుట్టలేదు. అందుకే బిళ్ళలు లేకుండా, ఛాతీ చుట్టూ కట్టుకునే గుడ్డ బెల్టు ఒకటి చేశాను. లోపలి వైపు ఒంటికి తగిలే లోహపు పట్టీలు, ముందు అగ్గిపెట్టెంత డబ్బా. పాతబస్తీలో సంచులు కుట్టే ఒక భాయ్ దాన్ని కుట్టాడు. కుట్టినన్నాళ్ళూ "ఏం డాక్టర్ సాబ్, దిల్‌కు లంగోటా కడతాండారా?" అని నవ్వుతూనే ఉన్నాడు. నవ్వితే నవ్వనీ. ఎంత ముసలమ్మయినా, ఎంత చంటిపిల్లయినా ఒంటి చేత్తో క్లిక్కుమని పెట్టుకోవచ్చు, క్లిక్కుమని తీయొచ్చు. నా గర్వమంతా ఆ క్లిక్కులో ఉండేది.

ఆ బెల్టును మొట్టమొదట ఆసుపత్రి గడప దాటించింది బద్వేలు దగ్గరి పల్లె మనిషి. స్కూలు వ్యాను డ్రైవరు. నలభై నిండని వయసు. టీ అంగడి ముందు ఒకసారి, వ్యాను చక్రానికి గాలి చూస్తూ ఒకసారి ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయాడు. రెండోసారి పడినప్పుడు వ్యాను నిండా పిల్లలున్నారు. బండి ఇంకా కదల్లేదు కాబట్టి సరిపోయింది. స్కూలాయన తాళాలు తీసేసుకుని, పెద్ద డాక్టరు సరే అంటేనే తిరిగిస్తానన్నాడు.

"సార్, నాకు ఆ వ్యాను తప్ప వేరే పని తెల్దు. ఆ పిల్లోళ్ళకి గూడా నేను తప్ప వేరేవోళ్ళు తెల్దు" అన్నాడు. అన్నాక తల వంచుకున్నాడు.

తేలాల్సింది ఒకటే. అతని గుండె మధ్యమధ్యలో ఆగుతోందా లేదా? ఆగుతుంటే చర్మం కింద పేస్‌మేకర్ పెట్టాలి, పిల్లల బండి మాట మరిచిపోవాలి. బెల్టు కట్టి, పసిపాపను అప్పగిస్తున్నంత బిల్డప్‌తో జాగ్రత్తలు చెప్పాను. "రెండు రోజులు తీయొద్దు. స్నానానికి మాత్రం తీయి. నీళ్ళు తగలనీయొద్దు. కింద పెట్టొద్దు. ఎలుకలు కొరక్కుండా చూడు. ఇది ప్రపంచంలో ఒకటే ఉంది."

బెల్టు తిరిగొచ్చిన రోజు దాన్ని కంప్యూటరుకు తగిలించి చూశాను. చూసి, కూర్చోబోయాను. అంతటి వింత అది! గుండె పొద్దున ఒక తీరుగా కొట్టుకుంది, కాసేపటికి ఇంకో తీరుగా, ఆపైన మరో తీరుగా. పదిన్నర ప్రాంతంలో, ఊపిరి బిగబట్టి ఈ వాక్యం మొదటి నుంచి చివరి దాకా చదివేంత సేపు, అసలు కొట్టుకోవడమే మానేసింది. తెర మీద సాపుగా ఒక గీత. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలుపెట్టింది.

లోకంలో ఇంతవరకు ఎవరూ చూడని జబ్బు! వరండాలో రెండు చుట్లు తిరిగేలోపు దానికి నా పేరు పెట్టేసుకున్నాను. మూడో చుట్టులో సన్మానానికి ఏ శాలువా కప్పుకోవాలో కూడా తేల్చుకున్నాను. నాలుగో చుట్టులో, నా దగ్గర పీజీ చదివే అమ్మాయి ఎదురైతే చెయ్యి పట్టుకున్నంత పనిచేసి లాక్కొచ్చి తెర ముందు నిలబెట్టాను. మంత్రాలయం వైపు పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ.

చూసింది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. "ఇది ఒకరి గుండె కాదు సార్, ఒక కుటుంబం" అంది.

"ఏంటమ్మా?"

"ఈ చిన్న గుట్ట మాదిరిది చూడండి సార్. నాలుగు రకాలుండాయి. మూడ్ మారితే గుట్ట మారదు, మనిషి మారితేనే మారుతాది."

నా శాలువా అక్కడికక్కడే జారిపోయింది. ఫోను తీసి డ్రైవరుకు చేశాను. "నిజం చెప్పు. బెల్టు ఎవరెవరు కట్టుకున్నారు?"

"నేనే సార్."

"ఇంకా?"

"మా యమ్మ కొంచెంసేపు కట్టుకునె సార్. మా బావ కొంచెంసేపు."

"ఎందుకయ్యా?"

"వాకిట్లో అందరూ సూస్తా ఉంటే నేనొగణ్ణే కట్టుకోని తిరిగేదానికి మొగమాటమాయె సార్. దిష్టి గూడా తగుల్తాది గదా. స్నానానికి తీస్తి. అమ్మ నాకూ ఒకసారి పెట్టురా అనె. పెట్టేది శానా సులువు గదా సార్, క్లిక్కంటే సాలు."

మా వైపు మనుషుల సంగతి నాకు తెలియక కాదు. కొత్త చెప్పులు కొంటే వీధిలో ప్రతి కాలూ ఒకసారి అందులో దూరి రావాలి. కళ్ళజోడు చేయించుకుంటే చుట్టాలంతా దాంతో పంచాంగం చదివి చూడాలి. పదిమంది చూస్తుండగా మంచి వస్తువు ఒక్కడే అనుభవించేవాడిని మనిషిగా లెక్క వేయరు. ఇవన్నీ తెలిసీ, ఒంటి చేత్తో తీసి పక్కవాడికి తొడగడానికి వీలుగా ప్రపంచంలోకెల్లా తేలికైన క్లిక్కు కనిపెట్టి వాళ్ళ చేతిలో పెట్టిన మేధావిని నేను.

నవ్వు వచ్చింది, అంతలోనే ఆరిపోయింది. ఆ నాలుగు గుండెల్లో ఒకటి ఆగింది. ఏది? డ్రైవరుదైతే దానికి ఏం చేయాలో తెలుసు. కాకపోతే, ఎప్పుడు ఆగుతుందో తెలియని గుండెను మోస్తూ ఆ ఇంట్లో ఎవరో ఇవాళ కూడా బిందె ఎత్తుతున్నారు, దూడను కట్టేస్తున్నారు. పైగా అతను చెప్పినవాళ్ళు ముగ్గురే. నాలుగో మనిషి ఎవరు?

మర్నాడు తెల్లారకముందే పీజీ అమ్మాయిని, చిన్న ఈసీజీ మిషన్‌ను కారులో వేసుకుని బయల్దేరాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు వెనక్కి పరిగెత్తాయి. ఆ రోజు నేను తోలిన తీరుకు రోడ్డు పక్కన గొర్రెలు కూడా లేచి నిలబడి దారిచ్చాయి. "సార్, మనం పోయేది వాళ్ళ గుండెలు చూసేదానికి, మనవి ఆపేదానికి కాదు" అని ఆ పిల్ల ఒకసారి అంది. రెండోసారి అనే ధైర్యం లేక కళ్ళు మూసుకుంది.

మేము చేరేసరికి వాకిట్లో మంచం వాల్చి ఉంది. డ్రైవరు బావ, అంటే అతని భార్యకు అన్న, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఏ జెండా ఎగిరినా కింద ఆయనే ఉంటాడట. మీలో ఒకరి గుండె ఆగిందని చెప్పగానే అందరికంటే ముందు ఆయనకు చెమట పట్టింది.

"నాది కాదులే సార్. నాది శానా గట్టి గుండె. ఏమప్పా బామ్మర్దీ, నీదే అయ్యుంటాది. పెండ్లికొడుకు మాదిరి బెల్టు ఏసుకోని ఊరంతా తిరిగితివి."

"నువ్వూ తిరిగితివి గదా బావా, పార్టీ ఆఫీసు కాడికి దాంతోనే పోతివి" అన్నాడు డ్రైవరు. గొంతులో జోకు ఉంది గానీ మొహంలో లేదు.

మొదట డ్రైవరును పడుకోబెట్టి ఈసీజీ తీశాం. పీజీ అమ్మాయి ఆ కాగితాన్ని లాప్‌టాప్‌లో ఆగిన గుండె పక్కన పెట్టింది. గుట్ట కలవలేదు. అతనిది కాదు. అతను మంచం మీదే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత బావ. తీగలు తగిలించేటప్పుడు ఆయన గుండె కొట్టుకున్న వేగానికి మిషన్ కాగితం చాలదేమోనని భయపడ్డాను. ఆయనదీ కాదు. "సెప్తి గదా!" అని లేచి, వెంటనే మళ్ళీ కూర్చున్నాడు. తల్లిని లోపలికి తీసుకుపోయి పీజీ అమ్మాయే తీసింది. ఆమెదీ కాదు.

"ఇంకెవరు కట్టుకున్నారు?"

"ఎవురూ లేరు సార్" అని ముగ్గురూ ఒక్క గొంతుతో అన్నారు. దేవుడి తోడు, పిల్లల తోడు, బావగారు పార్టీ తోడు.

నేను వాకిట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. ఆగిన గుండెకు ముందు తెర మీద ఒక వింత ఉంది. గీత అంతా కిందికీ పైకీ ఊగుతూ, తిరగలి తిప్పినట్టు ఒకే తూగు. చేతులతో ఏదో బరువైన పని చేస్తే అలా వస్తుంది. బోరింగు కొట్టారా? బట్టలు ఉతికారా? ఆలోచిస్తూ వంటింటి గుమ్మం ముందుకు వచ్చాను. లోపల డ్రైవరు భార్య వచ్చినవాళ్ళకు సంగటి చేస్తోంది. పొయ్యి మీది గిన్నె ముందు వంగి, రెండు చేతులతో కట్టెను పట్టుకుని, ఒళ్ళంతా ఊగుతూ రాగిపిండి ముద్దను గెలుకుతోంది. కిందికీ పైకీ, ఒకే తూగు.

"అమ్మా, నువ్వు గానీ బెల్టు కట్టుకున్నావా?"

"లేదు సార్. నేనెందుకు కట్టుకుంటా?" గెలకడం ఆపలేదు.

"ముట్టుకోనే లేదా?"

"మా యన్న మంచం మీద పడేసి పాయె. కింద పెట్టొద్దంటిరంట, నీళ్ళు తగల్నీయొద్దంటిరంట. ఈడ సూస్తే ఎలికలు. కొక్కెం నాకందదు. పని అయ్యేదాకా ఒంటికి తగిలించుకుంటే బద్రంగా ఉంటాదని తగిలించుకుంటి. దాచిపెట్టినా, అంతే. కట్టుకోలేదు సార్."

నా జాగ్రత్తలన్నీ అక్షరం పొల్లుపోకుండా పాటించింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

"ఆ పొద్దు గెలికేటప్పుడు ఏమైనా అయ్యిందా తల్లీ?"

ఆమె గెలుకుతూనే ఉంది. అత్తగారు గడపలో నుంచి మెల్లగా అంది: "కట్టె జారిడిసింది సార్. గోడకానుకోని నిలబడె. పిండంతా పాడు సేస్తాండావని నేనే తిడితి."

"పొగకు తల తిరిగింది సార్" అంది కోడలు. "నాకెప్పుడూ అంతే."

ఎప్పుడూ! పీజీ అమ్మాయి నా మొహం చూసి, తీగలు తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి కాగితంతో బయటికొచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది. గుట్టలు అచ్చు గుద్దినట్టు కలిశాయి.

కడపలో గుండె ఆపరేషన్లు చేసే నా పాత శిష్యుడికి ఫోను చేసి, అంబులెన్సు ఊరు వెతుక్కుంటూ వచ్చేలోగా నేనే అక్కడుంటానని చెప్పాను. "లేమ్మా, పోదాం."

"సంగటి దించినాక పోదాం సార్. అడుగంటుతాది."

చదువుకున్న చదువంతా, తెచ్చుకున్న పట్టాలన్నీ ఒక గిన్నె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. పొయ్యి ఆర్పమంటే ఆర్పదు, కట్టె ఇమ్మంటే ఇవ్వదు. చివరికి అత్తగారు వచ్చి కోడలి చేతుల్లోంచి కట్టెను గట్టిగా లాక్కుంది. "నువ్వు పోమ్మే. దీనెమ్మ సంగటి, పోతే పోనీ" అని గిన్నె ముందు కూలబడి గెలకసాగింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే గెలికింది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించే ఓపిక నాకు లేదు. ఆ సాయంత్రమే ఆమెకు పేస్‌మేకర్ పెట్టారు. డ్రైవరును అదే ఆసుపత్రిలో పెట్టి మళ్ళీ బెల్టు కట్టాం. ఈసారి పక్కన నర్సు కాపలా, ఆమె కూడా కట్టుకోకుండా పీజీ అమ్మాయి కాపలా. అతని గుండె ఎక్కడా ఆగలేదు. దారిలో ఆపడం కుదరదని పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఎండలో బండి తోలడమే అతని జబ్బని తేలింది. వేళకు తిండీ నీళ్ళూ పడితే, పడిపోవడం మానితే, తాళాలు అతనివే. ఆ మాట స్కూలాయనకు నేనే ఫోనులో చెప్పాను, వరండాలో నడుస్తూ.

కానీ ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ కారు ప్రయాణం. వెనక సీట్లో ఆమె, నాడి పట్టుకుని పీజీ అమ్మాయి. నా పక్కన డ్రైవరు. తోలనివ్వకుండా స్కూలాయన ఆపేసినవాడు, దారి పొడుగునా నా చేత తోలిస్తున్నాడు. "బ్రేకు సార్, గేదెలు! ఎడమకు సార్, ఎడమకు! ఏం సార్, లైసెన్సు యాడిచ్చిరి మీకు?" అంటూనే వెనక్కి తిరిగి భార్యను చూస్తున్నాడు. నేను అద్దంలో చూస్తున్నాను. సిద్ధవటం దగ్గర ఆమె కళ్ళు మూతపడ్డాయి. నా గుండె అక్కడే ఆగింది.

"అమ్మా!"

కళ్ళు తెరిచింది. "నిద్దర సార్."

పెన్న వంతెన మీద మళ్ళీ మూతపడ్డాయి. "అమ్మా!"

"ఉండా సార్."

కడప ఊరు కనబడే చోట తల ఒక పక్కకు వాలింది. ఈసారి నేనూ డ్రైవరూ ఒకేసారి అరిచాం. ఎదురుగా వస్తున్న లారీ అంతకంటే గట్టిగా అరిచింది. స్టీరింగు ఎటు తిప్పానో నాకు తెలియదు.

ఆమె నిదానంగా సర్దుకుని కూర్చుంది. "మీరు రోడ్డు సూడండి సార్, నేను యాడికీ పోను" అంది.