రూపాయి పడిన సంతోషం

మా ఖానాపూర్ గ్రంథాలయంలో పేపరు అందగానే ముందుగా వాణిజ్యం పేజీ తిప్పేది నేనొక్కణ్ణే. నా చదువు పదో తరగతితో ఆగింది. అందుకేనేమో, ద్రవ్యోల్బణం అంటే ఏమిటో హోటల్లో నలుగురికీ విడమరచి చెప్పడం నాకు మహా గొప్పగా ఉండేది.

తమ్ముడు దుబాయిలో సెంట్రింగ్ పని చేస్తాడు. గల్ఫ్ ఇళ్ల తీరే వేరు. ధరలు పెరిగాయని ఊరంతా మొత్తుకుంటుంటే, రూపాయి పడిందని సంబరపడేది మేమే. వాడు పంపే దిర్హాములకు ఇక్కడ ఎక్కువ పైసలొస్తాయి మరి.

పోయినేడు వాడి అగ్రిమెంట్ ముగియవస్తుండగా ఒక శుక్రవారం ఫోన్ చేశాడు.

"అన్నా, ఇగ చాలు. దసరాకు వచ్చేస్త. మన దగ్గర్నే పని చూస్కుంట."

"గిప్పుడు వచ్చుడేందిరా? రూపాయి ఇంక పడుతది. జర ఆగు."

"పక్కా ఎర్కేనా నీకు?"

"రోజు పేపర్ల చూస్తలేనా!"

"నీకేందే, సర్కారుకే సలహాలిచ్చెటోనివి," అని నవ్వాడు. వాడి భార్య, నా మరదలు, పక్కనే బియ్యం చెరుగుతోంది. చాట ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడింది. వాడు మరో రెండేళ్లకు సంతకం పెట్టాడు.

నేను చెప్పినట్టే రూపాయి పడింది. వాడు పంపే పైసలు పెరిగాయి. వాటి వెంటే నూనె పిరమైంది, పెట్రోలు పిరమైంది, తమ్ముడి పాప బడికి పోయే ఆటో కిరాయి పెరిగింది. చేతికి మిగిలేది మాత్రం పెరగలేదు. వంటనూనె, పెట్రోలు బయటి దేశాల నుంచి కొంటాం కనుక రూపాయి పడితే అవి పిరమవుతాయని నాకు తెలియక కాదు. ఆ సంగతీ అదే పేజీలో చదివాను. తమ్ముడికి మాత్రం సగమే చెప్పాను. ఇంటికి పెద్దవాణ్ణి నేనే అయినా, నా చిన్న దుకాణంతో ఇల్లు గడవదు. వాడు తిరిగొస్తే ఎట్లా అన్న భయం నా లోపల ఉండింది. దానికి అర్థశాస్త్రం అని పేరు పెట్టుకున్నాను.

ఈ మధ్య ఒక పొద్దున మరదలు మూకుడులో చెంచాతో నూనె పోస్తూ అడిగింది.

"బావా, ఒక్క మాట. కోపం జెయ్యద్దు."

"అడుగమ్మా."

"రూపాయి మల్ల ఎప్పుడు లేస్తది?"

"ఎందుకు?"

"లేస్తే ఆయన ఆడ ఉండి ఫాయిదా లేదు గదా. ఇంటికొస్తడు."

ఇన్నేళ్లుగా చదువుతున్నాను. రూపాయి కాస్త కోలుకోవడం చూశాను గానీ, మనిషిని ఇంటికి రప్పించేంతగా లేవడం ఎన్నడూ చూడలేదు. ఆ మాట చెబితే, మరి ఆ రోజు ఎందుకు ఆపావని ఆమె అడుగుతుంది.

"లేస్తది తియ్," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. వాకిట్లో ఆడుకుంటున్న పాపను కేకేసింది.

"విన్నవా బిడ్డా, బాపు జల్ది వస్తడట. పెద్దబాపు చెప్పిండు."