మా బావ ఏడవకూడని ఫైనల్

మా బావ బస్ డిపోలో టైర్ల సెక్షన్ మేస్త్రీ. బస్సు చక్రాన్ని ఒంటిచేత్తో దొర్లించుకుపోతాడు. మెడ చూస్తే దుంగ, మీసం చూస్తే చీపురు. అంత మనిషీ ఏడుస్తాడు. కష్టం వచ్చి కాదు. మా డిపో ఫుట్‌బాల్ జట్టుకి ఆయనే కోచ్, ఎవడైనా ఒక మంచి పాస్ ఇస్తే చాలు, కళ్ళు నిండిపోతాయి. గోల్ కొడితే ఏడుపు, గోల్ తింటే ఏడుపు. కాలు బెణికినవాడు కుంటుకుంటూ మళ్ళీ గ్రౌండ్‌లోకి వచ్చాడంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఓసారి ఎదుటి జట్టువాడు గోల్ ఎంత అందంగా కొట్టాడో అని కూడా ఏడ్చాడు. ఆ గోల్ తిన్నది నేను! మా జట్టుకి కీపర్ని నేనే, పైగా ఆయన భార్యకి సొంత తమ్ముణ్ణి. నా ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి.

డిపోలో అందరూ ఆయన్ని 'వానాకాలం' అంటారు. మొహం మీదే అంటారు, ఆయనేమీ అనుకోడు. నేను 'వానాకాలం బామ్మర్ది'ని, నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. జట్టువాళ్ళు ఆ ఏడుపుకి మార్కులు కూడా కట్టారు. కళ్ళు చెమర్చితే తుంపర, అంటే పర్వాలేదు. బుగ్గ మీదికి జారితే జల్లు, అంటే బాగా ఆడుతున్నాం. మీసం తడిసి ముద్దయితే కుంభవృష్టి. ఆ కుంభవృష్టి కోసం ఒక్కొక్కడూ రొప్పుకుంటూ పరిగెత్తేవాడు. బావ అరిచి చెప్పే సలహాలు ఎవడికీ అర్థమయ్యేవి కావు, గొంతు ఎప్పుడూ పూడుకుపోయే ఉండేది మరి. అందుకని అందరూ ఆయన మొహం చూసే ఆడేవాళ్ళు. అలా ఆడుకుంటూనే డిపోల పోటీలో ఫైనల్ దాకా వచ్చేశాం.

సరిగ్గా అప్పుడే మాకు కొత్త మేనేజర్ వచ్చాడు. ఎక్కడో నాయకత్వం మీద ట్రైనింగ్ అయ్యి వచ్చాడట. ఇస్త్రీ చొక్కా, నవ్వని మొహం. సెమీఫైనల్‌లో బావ కుంభవృష్టి చూసి మర్నాడే ఆయన్ని గదికి పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

"చూడండీ, నాయకుడి మొహం మూసిన తలుపులా ఉండాలి. లోపల ఏముందో జట్టుకి తెలియకూడదు. కోచ్ ఏడిస్తే జట్టు ధైర్యం ఏమైపోతుంది? ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని పెద్దలు ఊరికే అన్నారా?"

"ఊరికే వస్తుంది సార్, నేనేం తెచ్చుకోను," అన్నాడు బావ.

"ఫైనల్‌లో ఒక్క చుక్క కనిపించిందా, కోచ్ పని నుంచి మిమ్మల్ని తీసేస్తాను. ఇక ఆ పని నేనే చూసుకుంటాను."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. టైర్లు ఆయనకి ఉద్యోగం, అంతే. జట్టంటే ప్రాణం. పిల్లలు లేని ఇంట్లో ఆదివారం పొద్దున్నే లేచి, జట్టువాళ్ళ తడి బూట్లన్నీ వరసగా ఎండబెట్టుకునే మనిషి. అది పోతే ఏమైపోతాడో అని నాకే భయం వేసింది.

సంగతి విని అక్క పగలబడి నవ్వింది. ఆవిడ అంతే, పిడుగు పడ్డా నవ్వుతుంది.

"నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదన్నారు కదా! ఈయన ఏడుపు, నేను నవ్వు. అయితే మా ఇంట్లో నమ్మదగ్గవాళ్ళే లేరన్నమాట," అని కళ్ళు తుడుచుకుని, వెంటనే కొంగు బిగించింది. "ఏవండీ, ఇలా రండి. మీకు ఏడవకుండా ఉండటం నేర్పిస్తాను."

ఆ వారమంతా మా ఇల్లు బడి అయిపోయింది. వంటింట్లో బావని కూర్చోబెట్టి ఉల్లిపాయలు కోయించింది. దానికి ఏడవలేదు గానీ, "పాపం, నా కోసం ఎంత అవస్థ పడుతున్నావో," అని ఆవిణ్ణి చూసి ఏడ్చాడు. అద్దం ముందు నిలబెట్టి మొహం బిగించమంది. బిగించాడు, పక్కింటి పాప చూసి జడుసుకుంది. చివరికి అక్కకే ఉపాయం తట్టింది. ఏడుపు వచ్చినప్పుడల్లా నోట్లో లవంగం కొరకాలి. ఆ ఘాటుకి ఏడుపు వెనక్కి పోతుందట. చిత్రంగా పనిచేసింది! చొక్కా జేబు నిండా లవంగాలతో మా బావ ఫైనల్‌కి వచ్చాడు.

మ్యాచ్ మొదలైన కాసేపటికే మా ఫార్వర్డ్ గోల్ కొట్టాడు. వాడు డ్రైవరు. అందరూ వాణ్ణి 'హారన్' అంటారు, మాట్లాడితే ఊరు లేవాల్సిందే. గోల్ కొట్టిన ప్రతిసారీ బావ దగ్గరికి పరిగెత్తుకెళ్ళి ఆ కన్నీళ్ళలో తడిసి రావడం వాడికి అలవాటు. అలాగే చేతులు చాపుకుంటూ వెళ్ళాడు. బావ బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, లవంగం కొరికి, తల ఊపాడు. అంతే.

హారన్ చేతులు అలాగే ఉండిపోయాయి. వెనక్కి వస్తూ నా దగ్గర ఆగాడు.

"ఏరా, మాస్టారికి నా మీద కోపమా?"

"కోపం లేదు, ఏం లేదు. పోయి ఆడు!"

"లేకపోతే ఆ మొహమేంట్రా? ఆయన ఇంట్లో ఎవరైనా పోయారా?"

"ఆయన ఇల్లంటే మా అక్క ఇల్లేరా, వెధవా!"

నేనెంత మొత్తుకున్నా ఏం లాభం? మాట జట్టంతా పాకింది. మాస్టారికి పంటి నొప్పి అని ఒకడు, మనం చెత్తగా ఆడుతున్నామని ఇంకొకడు, మాస్టారు ఎదుటి జట్టుకి మారిపోతున్నారని మూడోవాడు. బంతి కాళ్ళ దగ్గరికి వచ్చినా అందరి కళ్ళూ బావ మొహం మీదే. ఆ సందులో ఎదుటివాళ్ళు చకచకా రెండు కొట్టేశారు. హాఫ్‌టైమ్‌కి రెండు, ఒకటి. గీత పక్కన మేనేజర్ మాత్రం, "చూశారా, ఎంత హుందాగా ఉన్నారో," అని బావని మెచ్చుకుంటున్నాడు. నాకు తిక్క రేగింది.

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాక హారన్ బెంచీ మీద కూలబడ్డాడు.

"మాస్టారూ, మేమేం తప్పు చేశామో చెప్పి తిట్టండి. అంతేగానీ ఇలా చూడకండి. నా వల్ల కాదు."

బావ నోట్లో లవంగం పెట్టుకుని సంగతంతా చెప్పాడు. ఏడిస్తే పని పోతుందని చెప్పాడు. హారన్ ముక్కు ఎగబీల్చాడు. వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. అప్పుడే మేనేజర్ తలుపు తీశాడు. ఎదురుగా గుండ్రాళ్ళలాంటి డ్రైవర్లూ మెకానిక్కులూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు, వాళ్ళ మధ్య పొడి కళ్ళతో మా బావ!

బావ లేచి నిలబడి, నోట్లోది తీసి పారేశాడు.

"సార్, ఈ మొహంతో నేనుంటే నా పిల్లలు ఆడలేరు. కోచ్‌గా మీరే ఉండండి. నేను బయట జనంలో నిలబడతాను. జనం ఏడిస్తే రూల్ ఏం లేదు కదా?"

ఎవరి మాటా వినకుండా బయటికి వెళ్ళిపోయి, జనానికి అడ్డం కట్టిన తాడు దాటి, ఆట చూడ్డానికి వచ్చిన అక్క పక్కన నిలబడ్డాడు. రెండో సగం మొదలవకముందే మొదలుపెట్టాడు. అబ్బో, వారం రోజుల బాకీ! మీసం, చొక్కా, అక్క కొంగు, అన్నీ తడిసిపోయాయి. హారన్ అది చూసి, "కుంభవృష్టిరోయ్!" అని ఒక్క కేక పెట్టి పరిగెత్తాడు. ఆ తర్వాత మా వాళ్ళు ఆడినలాంటి ఆట నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. రెండు, రెండు చేసేశారు. ఇంకోటి కొట్టేవాళ్ళే.

కానీ ఆఖర్లో ఒక బంతి మెల్లగా దొర్లుకుంటూ నా దగ్గరికి వచ్చింది. చిన్నపిల్ల కూడా ఆపే బంతి. నా చేతుల్లోంచి జారి, కాళ్ళ సందులోంచి లోపలికి పోయింది. వెంటనే ఆట అయిపోయింది. ఓడిపోయాం.

నేను గోల్ దగ్గరే చతికిలబడ్డాను. తల ఎత్తి ఎవర్నీ చూడలేకపోయాను. బావ తాడు కింద నుంచి సగం దూరి, ఎందుకో ఆగిపోయాడు. తర్వాత ఆ పూడుకుపోయిన గొంతుతోనే అరిచాడు.

"సార్! ఓడినప్పుడు కోచ్ ముందు కీపర్ దగ్గరికి వెళ్ళాలి సార్! వెళ్ళండి, వాడక్కడ ఒక్కడే ఉన్నాడు!"

మేనేజర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి నా భుజం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది.

"బంతి... తడిగా ఉందా?" అన్నాడు.

"లేదు సార్. నాదే తప్పు."

"ఊఁ." చొక్కా చేతి మడత సర్దుకున్నాడు. "నాకేం చెప్పాలో తెలియడం లేదయ్యా," అని, తాడు వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "మేస్త్రీ గారూ, మీరే రండి! ఈ పని నా వల్ల కాదు. మీ జట్టు మీరే చూసుకోండి."

బావ పరిగెత్తుకొచ్చాడు. నన్ను లేపి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ఏడుపు చూసి ఇన్నాళ్ళూ నాకు సిగ్గుగా ఉండేది. ఆ వేళ ఆ తడి చొక్కా మీద మొహం పెట్టి, డిపో అంతా చూస్తుండగా, నేనే ముందు భోరుమన్నాను. మేనేజర్ వెళ్ళిపోలేదు, మేము ఆపేదాకా పక్కనే నిలబడ్డాడు.