ఎక్కడ నొప్పి అని అడగడానికి

ఆంధ్రా తీరాన్ని తుఫాను ముంచేసిన కొన్ని వారాలకు, దక్షిణాఫ్రికాలో మా డర్బన్‌లోని భారతీయ డాక్టర్లు కొందరు కలిసి ఆ తీరంలో ఉచిత వైద్య శిబిరం పెట్టాలనుకున్నారు. ఇండియాకు రాకపోకలు సులువై అప్పటికి ఎంతో కాలం కాలేదు. తెల్లవాళ్ళ పాలన ముగించి అన్ని జాతులవాళ్ళం మొదటిసారి కలిసి ఓటు వేసిన ఉత్సాహం ఇంకా తగ్గలేదు. ఏదో ఒక మంచిపని చెయ్యాలని ప్రతివాళ్ళకీ ఉండేది. నేను డర్బన్ పక్కనున్న ఇసిపింగోలో ఉంటూ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేదాన్ని. పేరిచ్చిన నర్సుల్లో తెలుగింటి పిల్లను నేనొక్కదాన్నే.

బృందానికి పెద్ద ఒక గుజరాతీ డాక్టరు. మొదటి సమావేశంలోనే నా వైపు తిరిగి, "ఆడవాళ్ళతో మాట్లాడే పని నీది" అన్నారు ఇంగ్లీషులో.

"నాకు వచ్చింది ఇంటి తెలుగే, డాక్టర్. తిండి మాటలు, తిట్లు, దేవుడి పాటలు. అంతే."

"మాకు అది కూడా రాదు కదా. ఇంకా టైముంది, నేర్చుకో."

ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాలు ముందేసుకుని కష్టపడితే వచ్చింది. అప్పట్లో అన్నం తిన్నావా అని అడగగలను, మూత్రంలో మంటగా ఉందా అని అడగలేను. మందుల పెట్టెలు సర్దుతున్నా, టీకాలు వేయించుకుంటున్నా అదే బెంగ. ఇల్లు కొట్టుకుపోయిన మనిషి నా ఎదురుగా కూర్చుని తన బాధ చెప్పుకుంటుంది. నేను సగం అర్థం చేసుకుని డాక్టరుకు తప్పుగా చెబుతాను. ఆయన ఆ తప్పుకే మందు రాస్తారు.

అమ్మ పోయాక మా వాళ్ళలో తెలుగు మాట్లాడే మనిషి అమ్మమ్మ చెల్లెలు ఒక్కతే మిగిలింది. డర్బన్‌కు ఉత్తరాన ఒట్టావా అనే చిన్న ఊళ్ళో కొడుకు దగ్గర ఉండేది. వయసులో ఉన్నంతకాలం చెరకు తోటల్లో పనిచేసింది. ఆమెనూ అమ్మమ్మా అనే పిలిచేదాన్ని. ఒక ఆదివారం వెళ్ళేసరికి వంటింట్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీన్స్ ఒలుస్తోంది. సంగతి చెప్పాను.

"నువ్వు పేషెంటు. నేను అడుగుతా. తప్పు అయితే చెప్పు."

"పనీపాటా లేదేటే నీకి" అంటూనే చేట పక్కన పెట్టింది.

"నీకు ఎక్కడ నొప్పి?"

"పోలీసోడు అడిగినట్టుంది. అమ్మా, ఎక్కడ నొప్పెడతంది అను. మొకం జూసి అను."

అలా మొదలైంది. వారం వారం వెళ్ళేదాన్ని. ఆయాసం, వాంతులు, కళ్ళు తిరగడం, ఒక్కొక్కటీ తను నటించి చూపించి మాట నేర్పేది. మూలిగిందంటే నిజంగా జబ్బు మనిషే అనిపించేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఆడవాళ్ళ బాధల వంతు వచ్చిన రోజు నేను గొంతు తగ్గించి అడిగాను. "అమ్మా, కింద ఏమన్నా బాధ ఉందా?"

దిద్దుతుందేమోనని చూశాను. దిద్దలేదు. "జారిపోయింది" అంది.

ఏదో వస్తువు జారిందనుకుని కుర్చీ కిందికి వంగి చూశాను.

"అక్కడ కాదే. నా లోపలిది. బయటికి వస్తాది. చేత్తో లోపలికి తోసుకుంటాను."

"ఇది ఆటా, నిజమా?"

"నిజమే. మీయమ్మ పెళ్ళి కాకమునుపే. చెరకు మోపు ఎత్తినాను, అప్పుడు."

"డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"ఆ మాట ఇంగ్లీసులో నాకి రాదు. వచ్చినా మొగోడికి ఎట్టా సెప్పేది?"

గదిలోకి తీసుకెళ్ళి చూశాను. గర్భసంచి జారి, రాసుకుని రాసుకుని పుండు పడింది. ఆ పుండు మామూలుదో కాదో కంటితో చూసి చెప్పే పాటి చదువు నాకు లేదు. "రేపు నాతో ఆసుపత్రికి రా" అన్నాను. ఏడుస్తూనే ఒప్పుకుంది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో ప్రయాణం మాట ఎత్తితేనే చిరాకు పుట్టేది. నేను రాలేనేమో అని గుజరాతీ డాక్టరుకు చెప్పాను. "ఫలితం రానీ. అప్పటిదాకా నీ పేరు తియ్యను" అన్నారు.

క్యాన్సర్ కాదని తేలింది. మేము బయలుదేరే వారంలోనే ఆపరేషన్ చేశారు. అంతకుముందు జాతికొకటిగా ఉన్న వార్డులు అప్పటికి కలిసిపోయాయి. పక్క మంచం మీద ఒక జులూ ముసలమ్మ. మా అమ్మమ్మ తోటల్లో నల్లవాళ్ళ దగ్గర నేర్చుకున్న జులూ భాషలో ఆవిడతో ఎడతెగకుండా మాట్లాడుతోంది. నేను వెళ్ళగానే ఆపింది.

"సంచి సర్దుకున్నావేటే?"

"నిన్ను ఇలా వదిలి ఎలా వెళ్ళను?"

"నా కొడుకు ఉన్నాడు. ఈవిడ ఉంది. నువ్వు కూకుని ఏటి జేస్తావు? అక్కడ ఆడోళ్ళు నోరు మూసుకుని ఉంటారు. పోయి అడుగు."

వెళ్ళాను. భయం పోలేదు. విమానంలో తిండి సయించలేదు. శిబిరం ఒక బడిలో పెట్టారు. మొదటిరోజు వచ్చిన ఆడవాళ్ళ మాటల్లో సగం నాకు అందలేదు. మళ్ళీ చెప్పమ్మా అంటే విసుక్కోకుండా మళ్ళీ చెప్పారు. నా మాట విని, మా ముసలాళ్ళు ఇలాగే మాట్లాడేవారు అంది ఒకామె. మధ్యాహ్నానికి, అమ్మా, ఎక్కడ నొప్పెడతంది అని ముఖం చూసి అడుగుతున్నాను.

తిరిగొచ్చేసరికి అమ్మమ్మ కొట్టుదాకా నడుస్తోంది. ఆసుపత్రి తిండిలో ఉప్పు లేదని కనపడ్డవాళ్ళందరికీ చెబుతోంది.