నీళ్ళ గ్రహం మనిషికి పగిలిన మడమలు

ఈ సంగతి నేను రాయకపోతే ఇక రాసేవాళ్ళెవరూ లేరు; చూసినవాళ్ళలో సగం మంది పోయారు, మిగిలినవాళ్ళకు అది నవ్వుకునే ముచ్చటగా మిగిలిపోయింది. నాకు మాత్రం నవ్వు రాదు, ఇన్నేళ్ళయినా కోపమే వస్తుంది. ఆ కోపాన్ని మొన్న ఆదివారం మా మనవరాలు మళ్ళీ రాజేసింది. వేరే గ్రహం నుంచి వచ్చిన జీవుల సినిమా ఒకటి టీవీలో పెట్టి, అంతా కంప్యూటర్లోనే చేశారు తాతా, ఎంత నిజంగా ఉన్నాయో చూడు అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. చూశాను. మంచి జీవి తెల్లగా, నున్నగా, పొడుగాటి మెడతో ఉంది. చెడ్డ జీవి నల్లగా, వంగిన వీపుతో, పగిలిన మడమలతో ఉంది. ఆ మడమలు చూడగానే లేచి బయటికి వచ్చేశాను. అవి నాకు తెలిసిన మడమలు.

నేను చదివింది ఐదో తరగతి. తక్కిన చదువంతా మా జువ్వలదిన్నెకు సైకిలు దూరంలో ఉన్న గ్రంథాలయంలోనిదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. వల బాగుచేసే పని లేని రోజులన్నీ అక్కడే ఉండేవాణ్ణి. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బీరువా తాళం తీయగానే వచ్చే ఆ పాత కాగితం వాసన, డిటెక్టివు నవలకు చివరి పేజీ లేకపోతే హంతకుణ్ణి మనమే తేల్చుకోవలసి రావడం. నాకు డిటెక్టివులకన్నా గ్రహాల కథలంటే ఇష్టం. ఆకాశం గురించి, జంతువుల గురించి ఉన్న పుస్తకాలు కూడా చదివి, ఒక జీవి ఒళ్ళు అక్కడి ఎండను బట్టి, నీళ్ళను బట్టి, తిండిని బట్టి తయారవుతుందని తెలుసుకుని, ఆ తెలివితో ప్రతి కథనూ నిలదీసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మద్రాసు నుంచి మా ఊరి తీరానికి షూటింగు వాళ్ళు వచ్చారు. అంతా నీళ్ళే ఉన్న ఒక గ్రహం నుంచి వచ్చిన జీవులు సముద్రంలోంచి నడిచి వస్తాయట. వాటి రాణి వేషానికి మద్రాసు అమ్మాయి; ఆమెకు కనురెప్పల మీద వెండి రంగు తప్ప ఇంకేమీ పూయలేదు. దుర్మార్గపు జీవులకు మావాళ్ళను ఎంచుకున్నారు. అందరికన్నా ముందు మా చిన్నాయనను, అంటే మా నాయన తమ్ముణ్ణి, పిలిచారు. పొడుగు మనిషి, పడవ తోసి తోసి వంగిన వీపు, ఉప్పుగాలికి ఎర్రబడిన కళ్ళు. ఒళ్ళంతా బూడిద రంగు పూసి, వీపుకు రెగ్జిను రెక్కలు అతికించారు. కాళ్ళకు మాత్రం ఏమీ పూయొద్దని, అవి అలాగే బాగున్నాయని దర్శకుడు చెప్పాడట.

నేను ఊరుకోలేక సహాయ దర్శకుడి దగ్గరికి పోయాను. "సార్, నీళ్ళలో ఉండేవాడికి మడమలు ఎట్టా పగుల్తాయి? ఇది మా ఇసకలో నడిచిన కాలు సార్. ఆ రాణమ్మదీ వీళ్ళదీ ఒకే గ్రహమైతే ఒళ్ళు ఇంత తేడా ఎట్టా వస్తాది?"

ఆయన నా వైపు తిరగనైనా లేదు. "చూసేవాడికి భయం వెయ్యాలి తమ్ముడూ. వేస్తోందా, లేదా?"

రంగు ఆరడానికి ఎండలో చేతులు చాపి నిలబడిన చిన్నాయన నా మీదే కేకలేశాడు. "నువ్వు ఊరుకో అబ్బయా! నీ పుస్తకాలు జెప్పి నా వేషం ఊడగొట్టేటట్టుండావే!"

సినిమా విడుదలయ్యాక చిన్నాయన ఇంటిల్లిపాదినీ మ్యాట్నీకి తీసుకుపోయాడు. ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని, నాకు చెల్లెలు వరస, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మావాళ్ళలో అంతదాకా చదివిన ఆడపిల్ల ఆ పిల్లే. టీచరు కావాలని ఆ పిల్లకు, చేయాలని ఆయనకు ఆశ. తెరమీద దెబ్బ తిని పడిపోయిన చిన్నాయన చచ్చేముందు తల తిప్పి సముద్రం కేసి చూశాడు. వేటకు పోయే ముందు గాలి చూసుకునే చూపు అది, ఎవరో చెప్పి చేయించింది కాదు. ఆ సినిమా మొత్తంలో నేను నమ్మింది ఆ ఒక్క చూపునే. అంతలో హీరో వచ్చి ఆయన ముఖం మీద కాలు పెట్టాడు, హాలు ఈలలతో దద్దరిల్లింది. చిన్నాయన కూడా చప్పట్లు కొట్టాడు. చెల్లెలు కొట్టలేదు.

సోమవారం నుంచి బడిలో మొదలైంది. "మేయ్, మీది ఏ గ్రహం? మీ అమ్మకు గూడా రెక్కలుండాయా?" పిల్ల ఏడుస్తూ ఇంటికి వస్తే, నాలుగు నవ్వులు నవ్విస్తే వాళ్ళే సర్దుకుంటారనుకుని చిన్నాయన తానే బడికి పోయాడు. పిల్లలు భయం నటిస్తూ బెంచీల వెనక దాక్కున్నారు. ఈయన వీపు వంచి, చేతులు చాపి, సినిమాలో లాగే గర్జించాడు. అయ్యవారితో సహా అందరూ విరగబడి నవ్వారు. చెల్లెలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఇంటికి వచ్చి పుస్తకాల సంచి గూట్లో పెట్టింది, మళ్ళీ తీయలేదు. చిన్నాయన బతిమాలాడు, కొట్టబోయాడు, చివరికి నన్ను పిలిచి, "నీ పుస్తకాల్లో మనలాంటోడు మంచోడుగా ఉండేది ఒక్కటన్నా ఉంటే దెచ్చి జూపించు అబ్బయా" అన్నాడు.

వెతికాను. గ్రంథపాలకుడుగారు కూడా నాతోపాటు నేల మీద కూర్చుని వెతికారు. ఆ బీరువాల్లో, ఏ గ్రహం నుంచి దిగినా, ఏ మాయల అడవిలోంచి వచ్చినా, మేలు చేసేవాడికి పాలరాతి నుదురు, కీడు చేసేవాడికి బొగ్గులాంటి ఒళ్ళు. మూడు కళ్ళు ఊహించినవాడు, ఒళ్ళంతా పొలుసులు ఊహించినవాడు, ఒక నల్లటి మంచివాణ్ణి ఊహించలేకపోయాడా! నేను చదివి గర్వపడిన పుస్తకాలే అవి. వట్టి చేతులతో తిరిగివచ్చాను. చెల్లెలు చేపల తట్ట ఎత్తుకుంది.

మనిషిని పోలిన వింత జీవిని నమ్మించడం ఎంత కష్టమో ఇప్పుడు పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తున్నారు. ఫోనులో నేనూ చదువుతాను. చర్మం మెరుపు గురించి, కంటి తడి గురించి రాస్తారు గానీ, భయపెట్టవలసి వచ్చినప్పుడల్లా ఎవరి ఒళ్ళు అరువు తెచ్చుకుంటున్నారో రాయరు. అప్పట్లో కనీసం ఒక మనిషిని పిలిచి, పక్కన నిలబెట్టుకుని, అన్నం పెట్టవలసి వచ్చేది. ఇప్పుడు ఆ మనిషి కూడా అక్కర్లేదు. మా గ్రంథాలయం తలుపులు తెరవడమే అరుదైపోయింది, గ్రహాల కథలన్నీ పిల్లల అరచేతిలోకి వచ్చాయి. ఆ రోజు దొరకనిది వాటిలో ఉందేమోనని ఈ వయసులోనూ వెతుకుతున్నాను.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళను పేరు పేరునా తలుచుకోవాలి. నాతో నేల మీద కూర్చున్న గ్రంథపాలకులు మస్తానయ్యగారికి, నా గొణుగుడు భరిస్తూ టైపు చేసిపెట్టిన మనవరాలు లిఖితకు కృతజ్ఞతలు. చెల్లెలు వెంకమ్మకు కూడా. రాయనా అని అడిగితే చాలాసేపు చేపలకు ఉప్పు పట్టిస్తూ కూర్చుని, "రాయి అన్నా. గానీ మా నాయన బో బాగా చేసినాడని గూడా రాయి" అంది. ఆ సినిమాలో దర్జీ పేరు, వంటవాడి పేరు కూడా తెరమీద వేశారు, మావాళ్ళ పేర్లు వేయలేదు. అందుకని ఇక్కడ వేస్తున్నాను. ఆ జీవి వేషం వేసింది మా చిన్నాయన పోలయ్య. బో బాగా చేసినాడు.