సైడ్ బిలో ప్రకాశం గొంతు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పాత టేపులో ఏదైనా మూలుగు వినిపిస్తే, టేప్‌రికార్డర్ హెడ్‌కి మురికి పట్టిందని స్పిరిట్‌తో తుడిచే రకాన్ని. ఇది చెబితే నన్నే ఆటపట్టిస్తారని తెలుసు. అయినా చెబుతాను.

పటమటలో ఓ అద్దె గదిలో నేనూ, నా స్నేహితుడు రవీ క్యాసెట్లు తయారుచేస్తాం. ఈ రోజుల్లో క్యాసెట్లేంట్రా అని ఇంట్లో తిట్టని రోజు లేదు. మా సంగీతంలో రాగాలుండవు. మిషన్ల మోత, సైరన్లు, వాటి మధ్య కార్మికుల నినాదాలు. పెళ్ళిళ్ళకి అస్సలు పనికిరాదు. తెలిసినవాళ్ళ ద్వారా అమ్ముకుంటాం.

కొండపల్లి దగ్గర ఓ రేకుల ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నా జరిగితే వెళ్ళి రికార్డు చేశాం. నినాదాలిచ్చింది ప్రకాశం అనే కాంట్రాక్టు కార్మికుడు. ఏం గొంతండీ అది! ఆయన "కాంట్రాక్టు విధానం" అంటే జనం "రద్దు చేయాలి" అనేవారు. మేం జనం గొంతు కత్తిరించి, ఆ చోటల్లా రేకులు కోసే మిషన్ మోత పెట్టాం.

కొన్నాళ్ళకి ప్రకాశం డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు.

ఆయన గొంతు వినాలని భార్య మరియమ్మ గారు ఓ మధ్యాహ్నం మా గదికి వచ్చారు.

"సమాధుల తోటకి తీసుకెళ్తుంటే అందరూ జోహార్ అన్నారు బాబూ. నాకు నోరు పెగల్లేదు. ఒక్క మాటన్నా అనకుండా పంపించేశాను" అన్నారు.

ఆ ధర్నా క్యాసెట్ సైడ్ బి పెట్టాను. అది నాకు కంఠతా వచ్చు. సగంలో మోత ఆగిపోయింది. అక్కడ ఆగకూడదు.

"కామ్రేడ్ ప్రకాశానికీ..." అంది ప్రకాశం గొంతు.

జోహార్ చెప్పేది చనిపోయినవాళ్ళకి. బతికుండగా తన పేరు మీద తనే ఆ నినాదం ఎవరిస్తారు? రవి మొహం పాలిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది, చప్పుడు లేదు. జనం బదులు కోసం ఆయన ఆగేవాడే, సరిగ్గా అలాగే.

మరియమ్మ గారు లేచి పిడికిలెత్తారు.

"జోహార్!"

మోత మళ్ళీ మొదలైంది.

ఆవిడ వెళ్ళాక వెనక్కి తిప్పి వేశాం. ఆ పేరు లేదు, ఆ ఖాళీ లేదు. మిగతా కాపీలూ విన్నాం, డెక్ ఊడదీసి చూశాం. ఏమీ దొరకలేదు. మేం ముగ్గురం విన్నదేమిటో ఈ రోజుకీ నేను చెప్పలేను.

మరియమ్మ గారు మాత్రం అదేమిటని అడగనే లేదు. ఆ మధ్యాహ్నం ఇంకోసారి వేయమంటారా అంటే తల అడ్డంగా ఊపారు.

"వద్దు బాబూ. అనేశానుగా."